ఒడ్డు నుంచి గాలం, పాటులో గుల్లలు: ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లేవారికి సమగ్ర మార్గదర్శి

సముద్రానికి ఏ వేళకు వెళ్లాలి? ఏమేం కొనాలి? పిల్లల్ని తీసుకెళ్లొచ్చా? ఏరిన గుల్లలు తినొచ్చా? చేపలు పట్టాలని సరదాపడేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవే. మొదటి ప్రశ్నకు జవాబు తేలితే మిగతా చిక్కుల్లో సగం వాటంతటవే విడిపోతాయి.

చాలామంది సెలవు చూసుకుని బయల్దేరతారు. చూసుకోవాల్సింది ఆటుపోట్లు. నీరు తగ్గుతున్నప్పుడు గుల్లలు ఏరుకోవాలి, పెరుగుతున్నప్పుడు గాలం వేయాలి. ఈ వరుసలో వెళ్తే ఒక్క పూటలో రెండు పనులూ అవుతాయి, ప్రాణాలకు ముప్పూ తగ్గుతుంది. ఈ మార్గదర్శి మొత్తం ఆ వరుసలోనే నడుస్తుంది. పడవలు, వలలు, నీటిలో మునిగి వేటాడటం వంటి వాటి జోలికి పోవడం లేదు.

## 1. ఆటుపోట్ల పట్టిక చూసి రోజు ఎంచుకోండి

చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు (నీరు బాగా పైకొచ్చే వేళ), రెండు పాట్లు (నీరు బాగా వెనక్కి తగ్గే వేళ) వస్తాయి. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఇవాళ పాటు వచ్చిన వేళకే రేపు రాదు, దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. కొన్ని తీరాల్లో రోజుకు ఒక్క పోటే ఉంటుంది. కాబట్టి నోటి లెక్కలు మాని, మీరు వెళ్లే చోటికి దగ్గర్లో ఉన్న ఓడరేవు పట్టిక చూడండి.

అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు నీరు బాగా వెనక్కి తగ్గుతుంది, అంతే జోరుగా ముందుకొస్తుంది. గుల్లలకు ఆ రోజులు మంచివి. అష్టమి దరిదాపుల్లో తేడా తక్కువ. మొదటిసారి వెళ్తూ, ఊరికే గాలం వేసి చూద్దామనుకునేవాళ్లకు ఈ రోజులే నెమ్మది.

ఇంకో సంగతి. పాటు నుంచి పోటు దాకా ఉన్న ఆరు గంటల్లో నీరు ఒకే వేగంతో పెరగదు. మొత్తం పెరుగుదలను పన్నెండు వంతులు చేస్తే మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, చివరి గంటలో ఒకటి. పాటుకూ పోటుకూ తేడా 2.4 మీటర్లు అనుకోండి. తొలి గంటలో 20 సెంటీమీటర్లే పెరిగిన నీరు మూడో గంటలో 60 సెంటీమీటర్లు పెరుగుతుంది.

మొదటి గంట చూసి "ఇంకా టైముందిలే" అనుకున్నవాళ్లే ఇసుక దిబ్బల మీద చిక్కుకుంటారు. దిబ్బకూ ఒడ్డుకూ మధ్య ఉన్న పల్లం ముందు నిండుతుంది. దిబ్బ మీద పాదాలు తడవకముందే వెనక దారి మూసుకుపోతుంది.

పాటు మధ్యాహ్నం 1:30కి ఉంటే రోజు ఇలా ఉండాలి:

- 11:45: తీరం చేరడం, అలలను గమనించడం
- 12:00 నుంచి 1:30: తగ్గే నీటి వెంటే నడుస్తూ గుల్లలు ఏరడం
- 1:30: అలారం మోగగానే అందరూ వెనక్కి
- 2:00 లోపు: అందరూ పొడి నేల మీద, తలలు లెక్కపెట్టడం, నీడ, తిండి, నీళ్లు
- 4:00 నుంచి 6:30: పెరుగుతున్న నీటిలో గాలం
- 7:40 ప్రాంతంలో పోటు. చీకటి పడకముందే సామాను సర్దేయాలి

అలారం కనీసం ఇద్దరి ఫోన్లలో పెట్టండి. బురద చేతులతో ఎవరూ గడియారం చూసుకోరు. పట్టికలోని వేళలు, ఎత్తులు కూడా అంచనాలే. ఒడ్డు వైపు గాలి బలంగా వీస్తున్నా, వాయుపీడనం తగ్గినా నీరు పట్టికలో ఉన్న దానికన్నా ఎత్తుగా వస్తుంది.

## 2. నిబంధనలు కనుక్కోండి, చోటు ఖాయం చేసుకోండి

సరదా వేటకు లైసెన్సు కావాలా, ఏ జాతులు ఏ నెలల్లో పట్టకూడదు, కనీస సైజు ఎంత, మనిషికి ఎన్ని పట్టొచ్చు... ఇవన్నీ తీరాన్ని బట్టి మారతాయి. అక్కడి మత్స్యశాఖను అడగండి, లేదా వాళ్ల వెబ్‌సైట్ చూడండి. రక్షిత ప్రాంతాల్లో ఖాళీ గవ్వ తీయడం కూడా నేరం కావచ్చు.

గుల్లల విషయంలో ఇంకో ప్రశ్న తప్పనిసరిగా అడగాలి: "ఈ తీరంలో ఇప్పుడు గుల్లలు తినడానికి అనుమతి ఉందా?" ఆల్చిప్పల్లాంటి రెండు చిప్పల జీవులు నీటిని వడగట్టి బతుకుతాయి. నీటిలో విషపూరితమైన సూక్ష్మ శైవలాలు (కంటికి కనబడనంత చిన్న నాచు) పెరిగినప్పుడు ఆ విషం వాటి ఒంట్లో పేరుకుంటుంది. దానికి వాసన లేదు, రుచి లేదు. ఉడికించినా, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. నీరు ఎర్రబడితేనే ప్రమాదమనీ, తేటగా ఉంటే ఫరవాలేదనీ అనుకోవడం ప్రాణాంతకమైన పొరపాటు. పరీక్షలు చేసి ప్రకటించే వ్యవస్థ లేని తీరమైతే గుల్లలు చూసి, పిల్లలకు చూపించి, తిరిగి అక్కడే పెట్టేయండి. తినే ఆలోచన వద్దు. ఇక్కడ మొహమాటానికి తావు లేదు.

మురుగు కాలువలు కలిసే చోట, ఓడరేవుల లోపల, ఫ్యాక్టరీల దగ్గర ఏరకండి. భారీ వర్షం పడ్డాక కొన్ని రోజులు ఆగండి.

పిల్లలుంటే నెమ్మదిగా లోతు పెరిగే ఇసుక తీరమో, గట్టి రెయిలింగ్ ఉన్న జెట్టీయో ఎంచుకోండి. అలలు నేరుగా కొట్టే రాతి గుట్టలు ఫొటోల్లో బాగుంటాయి. వాటి అంచున నిలబడి గాలం వేయడం మాత్రం అనుభవమున్న పెద్దవాళ్లకూ ప్రమాదమే.

## 3. సామాను సర్దుకోండి

మనిషికో రాడ్ కొనకండి. ఆరుగురికి రెండు చాలు. ఒకరు వేస్తే ఒకరు చూస్తారు, ఎర గుచ్చేవాళ్లు గుచ్చుతారు. నాలుగు రాడ్లుంటే సాయంత్రమంతా చిక్కులు విప్పుకోవడంతోనే సరిపోతుంది.

గాలానికి:

- ☐ 3 నుంచి 3.6 మీటర్ల రాడ్ ఒకటి, పిల్లలకు 2.1 నుంచి 2.4 మీటర్లది ఒకటి
- ☐ 4000 నుంచి 6000 సైజు స్పిన్నింగ్ రీల్ (లైన్ చుట్టుకునే చక్రం)
- ☐ 20 పౌండ్ల లాగుడు తట్టుకునే మోనో లైన్ (ఒంటిపోగు గాలం దారం). కొత్తవాళ్లకు బ్రెయిడ్ (అల్లిన దారం) వద్దు, చిక్కుపడితే విప్పడం కష్టం, వేళ్లు తెగుతాయి
- ☐ 40, 60 గ్రాముల సీసం గుండ్లు, పూసలు, స్వివెల్స్ (లైన్ మెలిపడకుండా గుండ్రంగా తిరిగే కీళ్లు)
- ☐ సర్కిల్ కొక్కేలు (మొన లోపలికి వంగి ఉండేవి), 1 నుంచి 2/0 సైజు దాకా
- ☐ కొక్కెం తీసే పొడవాటి ముక్కు పటకారు, లైన్ కత్తిరించేది
- ☐ ఇసుకలో పాతే రాడ్ స్టాండు

గుల్లలకు:

- ☐ చిన్న పార లేదా దంతె, కన్నాలున్న బకెట్ లేదా వల సంచి
- ☐ వేళ్లు తెగకుండా చేతి తొడుగులు
- ☐ కొలిచే స్కేలు
- ☐ తడి గోనె పట్టా

అందరికీ:

- ☐ మడమ దగ్గర బిగించే పాత బూట్లు. చెప్పులు బురదలో ఊడిపోతాయి
- ☐ పిల్లలకు, ఈత రానివాళ్లకు లైఫ్ జాకెట్. చేతులకు తొడిగే గాలి తిత్తులు దీనికి ప్రత్యామ్నాయం కాదు
- ☐ టోపీ, పోలరైజ్డ్ కళ్లద్దాలు. నీటి మెరుపు తగ్గి అడుగు కనిపిస్తుంది, ఎగిరొచ్చే కొక్కేల నుంచి కళ్లకు రక్షణ కూడా
- ☐ తాగే నీళ్లు, విజిల్, ప్రథమ చికిత్స పెట్టె, ఫ్లాస్కులో వేడినీళ్లు
- ☐ ఐస్ నిండిన పెట్టె

ఫ్లాస్కులో వేడినీళ్లు ఎందుకో 10వ భాగంలో తెలుస్తుంది.

## 4. నీటిలో దిగే ముందు

తీరం చేరగానే బకెట్లు పట్టుకుని పరుగెత్తకండి. పావుగంట నుంచి ఇరవై నిమిషాలు నిలబడి అలలు చూడండి. అలలు గుంపులుగా వస్తాయి. పది నిమిషాలు చిన్నవే వచ్చి, ఉన్నట్టుండి మూడు నాలుగు పెద్దవి వస్తాయి. తడిసిన ఇసుక, రాళ్ల మీద తడి గీత ఎక్కడిదాకా ఉందో చూస్తే అవి ఎంత దూరం రాగలవో తెలుస్తుంది.

తెల్లటి నురగ మధ్యలో ఒక పాయ మాత్రం అలలు విరగకుండా నిశ్శబ్దంగా, నల్లగా కనిపిస్తే అక్కడ నీరు లోపలికి లాగుతూ ఉండొచ్చు. పిల్లలు ఆడుకోవడానికి అదే నెమ్మదిగా ఉన్న చోటు అనిపిస్తుంది. అటు ఎవర్నీ పోనివ్వకండి. అందులో చిక్కితే ఒడ్డుకు ఎదురీదొద్దు. తేలుతూ చెయ్యెత్తి సాయం అడగాలి. ఓపికుంటే తీరానికి సమాంతరంగా ఈది, ఆ లాగుడు నుంచి బయటపడ్డాకే ఒడ్డుకు తిరగాలి.

తర్వాత పనులు పంచుకోండి. ఒక్కో చిన్నపిల్లకు ఒక్కో పెద్దమనిషి, పేరు పెట్టి. "అందరం చూసుకుందాం" అంటే ఎవరూ చూడరు. ఇంకొకరు ఏమీ ఏరకుండా, గాలం వేయకుండా సముద్రాన్నీ గడియారాన్నీ చూస్తూ ఉండాలి. అరగంటకోసారి ఈ మనిషి మారాలి. సముద్రానికి వీపు పెట్టి వంగే పని ఉన్నప్పుడు ఈ కాపలా లేకపోతే కుదరదు.

ఉరుము వినబడితే కార్యక్రమం ఆపేయండి. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగాలి. కార్బన్ రాడ్లలో కరెంటు పారుతుంది, కరెంటు తీగల కింద కూడా వాటిని పైకెత్తకూడదు.

## 5. గుల్లలు ఏరే పద్ధతి

తడిగా మెరిసే ఇసుక దొరికే దాకా నీటి వెంట నడవండి. అక్కడి నుంచి పని మొదలు. నడిచేటప్పుడు అడుగులు ఎత్తి వేయకుండా పాదాలు ఈడ్చండి. ఇసుకలో దాక్కున్న టేకు చేప ఆ కదలికకు పక్కకు తప్పుకుంటుంది. నేరుగా తొక్కితే తోక ముల్లుతో పొడుస్తుంది.

ఇసుకలో ఉండే గుల్లలు. పైన చిన్న కన్నమో, పక్కపక్కన రెండు కన్నాలో, ఊరికే ఒక గుంటో కనిపిస్తుంది. పక్కన కాలితో గట్టిగా తడితే సన్నగా నీరు చిమ్ముతుంది. అదే గుర్తు. చాలా జాతులు అరచేయి లోతులోనే దొరుకుతాయి. కన్నం మీదే పార దింపితే చిప్ప పగులుతుంది. అరచేయంత పక్కగా తవ్వి, వేళ్లతో లోపలికి తడుముతూ తీయండి.

పొడుగ్గా, సన్నగా ఉండే రేజర్ క్లామ్ తీరు వేరు. దాని కన్నం తాళం చెవి దూర్చే రంధ్రం ఆకారంలో ఉంటుంది. అందులో చెంచాడు ఉప్పు వేసి ఆగండి. ముందు కన్నంలోని నీరు ఉబుకుతుంది, తర్వాత ఇసుక కొద్దిగా లేస్తుంది, ఆపైన చిప్ప కొస రెండు మూడు అంగుళాలు బయటికొస్తుంది. అప్పుడు తొందరపడి లాగితే కాలు తెగి లోపలే ఉండిపోతుంది. గట్టిగా పట్టుకుని కదలకుండా ఉంచితే కొన్ని క్షణాలకు అది పట్టు వదులుతుంది. ఆ వదులు వేలికి తెలుస్తుంది. అప్పుడు నిదానంగా పైకి తీయాలి. పిల్లలకు ఇంతకు మించిన ఆట ఉండదు. ఉప్పు వాడొచ్చో లేదో నిబంధనల్లో చూసుకోండి.

రాళ్లకు అంటుకునే మస్సెల్స్. పీకొద్దు. అవి నారపోగులతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, ఒకటి పీకితే పది ఊడతాయి. పెద్దవి చూసి పోగుల్ని కత్తితో కోయండి. ఒకే చోట ఖాళీ చేయకుండా అక్కడొకటి ఇక్కడొకటి తీయండి.

పీతలు. వెనక వైపు నుంచి, డిప్పకు రెండు పక్కలా పట్టుకోవాలి. పొట్ట కింద గుడ్లు ఉన్నవాటినీ, డిప్ప మెత్తగా ఉన్నవాటినీ వదిలేయాలి.

ఏరేటప్పుడు పాటించాల్సినవి:

- ☐ ప్రతిదీ అక్కడే కొలవాలి. చిన్నవి దొరికిన చోటే పెట్టి ఇసుక కప్పాలి
- ☐ తిప్పిన రాయిని మళ్లీ అదే వైపు తిప్పి పెట్టాలి. లేకపోతే దాని అడుగున ఉండే జీవులు ఎండకు చస్తాయి
- ☐ తవ్విన గుంటలు పూడ్చాలి
- ☐ పగిలినవి, నోరు తెరుచుకుని ఉన్నవి ఏరొద్దు
- ☐ ఒక పూటకు తినగలిగినంతే

బకెట్‌లో నీళ్లు పోసి గుల్లల్ని నింపేయడం అందరూ చేసే తప్పు. నిలవ నీటిలో ప్రాణవాయువు అయిపోయి గంటల్లోనే చస్తాయి. కన్నాల బకెట్‌లో వేసి తడి గోనె కప్పి, నీడన ఉంచండి.

బురదలో కాలు దిగబడిపోతే ఇంకో కాలితో బలంగా తొక్కకండి, అదీ దిగబడుతుంది. వెనక్కి వాలి కూర్చుని, బరువును పరిచి, కాలిని అటూ ఇటూ ఆడిస్తూ మెల్లగా తీసుకోండి.

పాటులో ఉన్నప్పుడే ఇంకో పని చేయాలి. తీరం వైపు తిరిగి ఇసుకలోని గుంటలు, పల్లపు కాలువలు, దిబ్బల మధ్య సందులు ఫొటో తీయండి. ఒడ్డున ఉన్న చెట్టో, స్తంభమో ఫొటోలో పడేలా చూడండి. సాయంత్రం నీరు కప్పేశాక చేపలు తిరిగేది ఆ పల్లాల్లోనే. గాలం ఎక్కడ వేయాలో చెప్పే మ్యాప్ మీ చేతిలో ఉన్నట్టే. గుల్లలు ముందు, గాలం తర్వాత అనడానికి నాకు ఇదే పెద్ద కారణం.

## 6. చేతితో ముట్టుకోకూడనివి

- శంకువు ఆకారంలో అందమైన మచ్చలతో ఉండే నత్తలు. వీటి విషపు ముల్లు మనిషిని చంపగలదు. వెచ్చని సముద్రాల్లో ప్రాణమున్న శంకు నత్తను ఏ వైపు నుంచి పట్టుకున్నా ప్రమాదమే
- నీలి వలయాలున్న చిన్న ఆక్టోపస్
- ఒడ్డున పడి ఉన్న జెల్లీ చేపలు. చచ్చినట్టున్నా వాటి తంతులు కుడతాయి
- పొడవాటి ముళ్లున్న సముద్రపు అర్చిన్లు

పిల్లలకు ఒకటే నియమం చెప్పండి: ముందు చూపించాలి, తర్వాతే తీయాలి.

చేతికి, కాలికి తెగిన గాయాలున్నవాళ్లు ఉప్పునీటిలో దిగకపోవడమే మేలు. విబ్రియో అనే బ్యాక్టీరియా వెచ్చని సముద్రపు నీటిలో ఉంటుంది. కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు అది చాలా ప్రమాదం. వాళ్లు పచ్చి గుల్లలు అసలు తినకూడదు.

## 7. గాలం కట్టడం, వేయడం

మొదటిసారికి జారే గుండు పద్ధతి చాలు. రీల్ నుంచి వచ్చే లైన్‌లోకి ముందు సీసం గుండు, తర్వాత పూస ఎక్కించి, చివర స్వివెల్ కట్టండి. స్వివెల్ రెండో కొసకు అర మీటరు లైన్, దాని చివర కొక్కెం. చేప ఎర లాగినప్పుడు లైన్ గుండులోంచి జారుతుంది, బరువు తగలదు కాబట్టి అది వదిలేయదు.

ముడి ఇలా: కొసను కొక్కెం కంట్లోంచి (పై చివర ఉన్న రంధ్రం) దూర్చి, అసలు లైన్ చుట్టూ ఐదారు మెలికలు తిప్పండి. కంటి పక్కన ఏర్పడ్డ చిన్న సందులోంచి కొసను దూర్చి, అప్పుడు ఏర్పడే పెద్ద ఉచ్చులోంచి మళ్లీ దూర్చండి. బిగించే ముందు ఉమ్మితోనో నీటితోనో తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడికి లైన్ బలహీనపడి, సరిగ్గా చేప పడినప్పుడే తెగుతుంది. కట్టాక గట్టిగా లాగి చూడండి.

గుండు బరువుకు తగ్గ లైన్ ఉండాలి. ప్రతి 28 గ్రాములకు సుమారు 10 పౌండ్లు లెక్క. 60 గ్రాముల వరకు 20 పౌండ్ల లైన్ సరిపోతుంది. అంతకన్నా బరువైన గుండు వేయాలంటే ముందు భాగంలో లావుపాటి లైన్ ముక్క (లీడర్) కట్టాలి. లేకపోతే విసిరేటప్పుడు లైన్ తెగి గుండు రాయిలా ఎగురుతుంది.

చేప గట్టిగా లాగితే లైన్ వదిలేలా చేసే రీల్ బిగింపును డ్రాగ్ అంటారు. దాన్ని లైన్ బలంలో నాలుగో వంతుకు పెట్టండి. 20 పౌండ్లంటే 9 కిలోలు. స్ప్రింగ్ త్రాసుతో లాగితే రెండు కిలోలు దాటగానే రీల్ లైన్ వదలాలి.

ఎరగా రొయ్య, స్క్విడ్ ముక్క, చేప ముక్క ఏదైనా పనికొస్తుంది. స్క్విడ్ గట్టిగా ఉండి కొక్కేనికి అంటిపెట్టుకుంటుంది, పిల్లలతో ఉన్నప్పుడు అదే మంచిది. ఎర చిన్నదిగా ఉండాలి, కొక్కెం మొన బయటికి కనబడాలి. మొన ఎరలో కూరుకుపోతే చేప తినేసి పోతుంది.

విసిరే క్రమం:

1. వెనకా పక్కలా చూడండి. రాడ్ తిరిగే పరిధిలో ఎవరూ ఉండకూడదు.
2. "వేస్తున్నా" అని గట్టిగా చెప్పండి.
3. లైన్‌ను చూపుడు వేలికి తగిలించి, రీల్ బెయిల్ (లైన్‌ను ఆపి ఉంచే తీగ) తెరవండి.
4. తల మీదుగా నేరుగా విసరండి. పక్క నుంచి తిప్పొద్దు.
5. రాడ్ తలపైకి దాటి ముందుకు వస్తుండగా వేలు వదలండి.
6. గుండు అడుగు తాకాక బెయిల్ మూసి, లైన్ బిగువయ్యే దాకా చుట్టండి.

గుండు నేరుగా ఎదురుగా నీళ్లను కొడితే వేలు ఆలస్యంగా వదిలినట్టు. నెత్తి మీదికి లేచి దగ్గర్లోనే పడితే తొందరపడ్డట్టు. అంతే తేడా.

దూరం వేయాలన్న పంతం వద్దు. ఇసుక తీరాల్లో నీరు పెరిగేటప్పుడు చేపలు తిండి కోసం ఒడ్డుకు బాగా దగ్గరగా వస్తాయి. మధ్యాహ్నం ఫొటో తీసిన పల్లం ఇరవై ముప్ఫై మీటర్లలోనే ఉంటే ఎర అక్కడే పడాలి. పదిహేను ఇరవై నిమిషాలకు ఒకసారి తీసి ఎర చూడండి. పీతలు చప్పుడు చేయకుండా నాకేస్తాయి.

చేప తాకిందని ఎలా తెలుస్తుంది? రాడ్ కొస టక్ టక్‌మని రెండు మూడు సార్లు ఊగి ఆగితే అది చిన్న చేప, రుచి చూస్తోంది. కొస వంగి అలాగే ఉండిపోతే ఎర పట్టుకుని పోతోంది. ఒక్కసారిగా లైన్ వదులైతే చాలామంది తెగిందనుకుంటారు. చేప మీ వైపే వస్తోంది, గబగబా చుట్టండి. అలల ఊపు మాత్రం ఒకే లయలో ఉంటుంది. కాసేపు చూస్తే తేడా పట్టేస్తారు.

సర్కిల్ కొక్కేనికి జెర్క్ ఇవ్వకూడదు. ఊరికే చుట్టుకుంటూ రావాలి, అదే మూతి అంచున తగులుకుంటుంది. ఒడ్డు దగ్గర అల లోపలికి వెళ్తుంటే లాగొద్దు, బిగువుగా పట్టుకుని ఆగండి. తర్వాతి అల చేపను ఎత్తి తెస్తుంది, దాంతోపాటే వెనక్కి నడవండి.

## 8. పడిన చేపను ఏం చేయాలి

వదిలేసేదైతే చేతులు తడుపుకుని పట్టుకోండి, మొప్పలు ముట్టుకోవద్దు. కొక్కెం లోపలికి మింగేస్తే పెకలించకుండా లైన్ మూతి దగ్గర కత్తిరించండి. నీటిలో పొట్ట కిందికి ఉండేలా పట్టుకుంటే దానంతటదే ఈదుకుంటూ పోతుంది.

ఉంచుకునేదైతే వెంటనే తలపై గట్టిగా కొట్టి చంపి, మొప్పల దగ్గర కోసి రక్తం పోనివ్వండి. తర్వాత రెండు వంతుల ఐస్‌కు ఒక వంతు సముద్రపు నీరు కలిపిన పెట్టెలో వేయండి. ఉత్త ఐస్ ముక్కల కన్నా ఇది త్వరగా చల్లబరుస్తుంది. ఎండలో బకెట్‌లో వదిలేస్తే కానాగంతలు, సూర వంటి చేపల్లో హిస్టమిన్ తయారవుతుంది. తర్వాత ఎంత వండినా అది పోదు, తిన్నవాళ్లకు ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు వస్తాయి.

బంతిలా ఉబ్బే పఫర్ చేప పడితే తినే ఆలోచనే పెట్టుకోవద్దు, పటకారుతో తీసి వదిలేయండి. జెల్లలకు వీపు మీద, రెండు రెక్కల దగ్గర గట్టి ముళ్లుంటాయి, గుచ్చుకుంటే భరించలేని నొప్పి. ఏ చేపో తెలియకపోతే తినొద్దు.

## 9. గుల్లల్ని శుభ్రం చేసి వండటం

ముందు మంచినీటి కుళాయి కింద పైపైన కడిగి, బురద పోగొట్టండి. ఇసుక కక్కించడానికి మాత్రం ఉప్పునీరే కావాలి, మంచినీటిలో నానబెడితే చస్తాయి. లీటరుకు 30 నుంచి 35 గ్రాముల ఉప్పు కలపండి. వెడల్పాటి పళ్లెంలో జల్లెడ పెట్టి, దానిమీద గుల్లల్ని ఒకే వరుసగా పరిచి, కొద్దిగా మునిగేలా పోయండి. కక్కిన ఇసుక జల్లెడ కిందికి పోతుంది. చల్లగా, చీకటిగా ఉన్న చోట కొన్ని గంటలు ఉంచి, మధ్యలో నీళ్లు మార్చండి. దీంతో ఇసుక పోతుంది. శైవలాల విషం, మురుగు నీటి క్రిములు పోతాయనుకోవద్దు.

వండే ముందు ఒక్కోటీ చూడాలి:

- ☐ నోరు తెరిచి ఉన్నదాన్ని వేలితో తట్టండి. మూసుకుంటే బతికి ఉంది, మూసుకోకపోతే పారేయండి
- ☐ చిప్ప పగిలితే పారేయండి
- ☐ మిగతావాటికన్నా అసహజంగా బరువుంటే లోపల బురద ఉండొచ్చు. అలాంటిది ఒక్కటి తెరుచుకున్నా వంటంతా పాడు
- ☐ కుళ్లు వాసన వస్తే పారేయండి

మరిగే నీటిలో వేశాక చిప్పలు తెరుచుకుంటాయి. అక్కడితో ఆపకుండా ఇంకో 3 నుంచి 5 నిమిషాలు ఉడకనివ్వండి. ఆవిరి మీదైతే 4 నుంచి 9 నిమిషాలు. తెరుచుకోనివి తీసేయండి. ఒకేసారి గిన్నె నిండా వేస్తే మధ్యలోవి ఉడకవు, విడతలుగా వండండి.

## 10. ఏదైనా జరిగితే

- టేకు చేప, జెల్ల ముల్లు గుచ్చుకుంటే: గాయాన్ని ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో, 45 డిగ్రీలు మించకుండా, 30 నుంచి 90 నిమిషాలు ఉంచాలి. వేడిని గాయం లేని చేత్తో ముందు చూడాలి. ఫ్లాస్కు ఇందుకే. ముల్లు లోపల ఉండిపోయినా, పొట్టలోనో ఛాతీలోనో దిగినా లాగకుండా ఆస్పత్రికి.
- జెల్లీ చేప కుడితే: సముద్రపు నీటితో కడగాలి. మంచినీళ్లు పోయొద్దు, ఇసుకతో రుద్దొద్దు. ఊపిరి ఆడకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా వెంటనే ఆస్పత్రికి.
- కొక్కెం ఒంట్లో దిగితే: కంటి దగ్గర, మెడ దగ్గర అయితే ముట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి. మిగతా చోట్ల కూడా కొక్కెం మొన దగ్గరుండే వెనక్కి తిరిగిన ముల్లు పూర్తిగా దిగితే వెనక్కి లాగొద్దు, లైన్ కత్తిరించి తీసుకెళ్లండి. టెటనస్ సూది సంగతి అడగండి.
- గుల్లలు తిన్నాక పెదవులు, నాలుక, వేళ్లు తిమ్మిరెక్కితే: లక్షణాలు నిమిషాల నుంచి కొన్ని గంటల్లోపు మొదలై, శ్వాస కండరాలు పడిపోయే దాకా పోవచ్చు. దీనికి విరుగుడు మందు లేదు, ఊపిరి నిలబెట్టే చికిత్స ఉంది. "కాసేపు చూద్దాం" అనకుండా అంబులెన్స్ పిలవండి. మిగిలిన గుల్లల్ని పారేయకుండా వెంట తీసుకెళ్లండి.

## 11. ఎక్కువగా ఎదురయ్యే చిక్కులు

ఎర మాయమవుతోంది, చేప పడటం లేదు: కొక్కెం పెద్దదై ఉండొచ్చు. ఒక సైజు తగ్గించి, ఎర సగం చేయండి.

గుండు నిలవకుండా పక్కకు కొట్టుకుపోతోంది: ప్రవాహం ఎక్కువ. గుండ్రంటిది మాని పిరమిడ్ ఆకారం గుండు వేయండి, లేదా చోటు మారండి.

అడుగున చిక్కుకుంది: రాడ్‌తో గుంజొద్దు, రాడ్ విరుగుతుంది. రాడ్‌ను లైన్‌కు తిన్నగా పెట్టి, రీల్‌ను చేత్తో పట్టుకుని వెనక్కి నడవండి. తెగితే తెగుతుంది. తెగిన లైన్ చేతికొచ్చినంత జేబులో వేసుకోండి, పక్షుల కాళ్లకు చుట్టుకుంటుంది.

పిల్లలకు విసుగొస్తోంది: అరగంట గాలం, అరగంట ఆట. రెండోసారి పిలిస్తే రానంటే వదిలేయండి.

గంటసేపు ఏమీ తాకలేదు: ముందు ఎర మార్చండి, తర్వాత దూరం, ఆ తర్వాత చోటు. మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

## 12. ఇంటికొచ్చాక సామాను

రీల్ డ్రాగ్ మొత్తం బిగించి, కుళాయి నీటిని సన్నగా పోస్తూ కడగండి. ధారగా కొట్టొద్దు, ఉప్పును లోపలికే తోస్తుంది. తుడిచి ఆరబెట్టాక డ్రాగ్ పూర్తిగా వదులు చేయండి. బిగించి వదిలేస్తే లోపలి వాషర్లు అణిగిపోయి, తర్వాతిసారి లైన్ కుదుపులతో వదులుతుంది.

రాడ్ రింగుల్లో చిన్న దూది ముక్క తిప్పి చూడండి. దూది పోగు చిక్కుకుంటే రింగు లోపల పగులుంది, అది లైన్‌ను కోసేస్తుంది, మార్చేయాలి. వాడిన కొక్కేలను కొత్తవాటి డబ్బాలో కలపొద్దు, ఒక్కదాని తుప్పు అన్నిటికీ పడుతుంది. లైన్ చివరి మూడు నాలుగు మీటర్లు వేళ్ల మధ్య లాగి, గరుకు తగిలిన చోటు దాకా కత్తిరించేయండి.